రష్యా రైఫిలూ, నేను దాచుకున్న మాటా

బళ్ళారిలో నాకు తుపాకులు బాగుచేసే అంగడి ఉండేది. మా నాయన ఆదోని నుంచి వచ్చి పెట్టింది. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకు మారింది. అటు కంప్లి నుంచి ఇటు సిరుగుప్ప దాకా రైతుల ఇళ్ళల్లో ఉన్న తుపాకులన్నీ ఎప్పుడో ఒకప్పుడు నా బల్ల మీదికి రావలసిందే. పంట కాపలాకని లైసెన్సు తీసుకున్న వాళ్ళ దగ్గర మూతి నుంచి మందు దట్టించే బర్మారులు ఉండేవి. పెద్ద ఇళ్ళల్లో జోడు గొట్టాల తుపాకులు ఉండేవి. తుంగభద్ర కాలువ వచ్చి చెరుకూ వరీ పెరిగాక అడవి పందులు కూడా పెరిగాయి. వాటితో పాటు నా గిరాకీ, నా గొప్పా పెరిగాయి. నేను ఏ ఊరు పోయినా కన్నడంవాళ్ళు 'కోవి మేస్త్రి' అని, మనవాళ్ళు 'తుపాకుల మేస్త్రి' అని పిలిచి కుర్చీ వేసేవాళ్ళు. వేటకు పోతే నన్ను తప్పకుండా పిలిచేవాళ్ళు. నేను పోతే నా జోడు గొట్టాల తుపాకి కూడా వచ్చేది. ఆ కుర్చీ మీద నాకెంత ఆశ ఉండేదో అది కదిలేదాకా నాకే తెలియదు.

అది అరవైల్లో సంగతి. సిరిగేరిలో వరి పొలాలూ, హోస్పేట వైపు ఇనుప గనులూ, ఏడెనిమిది లారీలూ ఉన్న ఒక దణి ఉండేవాడు. మా వైపు పెద్ద ఆసామిని దణి అంటారు. ఆయన గనులు చూడడానికి ఒక రష్యా ఇంజనీరు వచ్చి నాలుగు నెలలు బంగళాలో ఉన్నాడు. సెలవు దొరికితే కొండల్లోకి వేటకు పోయేవాడట. తిరిగి తన దేశం పోతూ తన రైఫిలును దణికి ఇచ్చి వెళ్ళాడు. దాన్ని లైసెన్సులో ఎక్కించుకోవడానికి దణి ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కాగితం చేతికి వచ్చిన రోజే, కంబళిలో చుట్టిన ఆ రైఫిలును తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

నేను అట్లాంటిది అంతకుముందు చూడలేదు. పొడుగ్గా, సన్నగా ఉంది. గొట్టం మీద ఇనుప రేకుకు వరసగా చిల్లులు ఉన్నాయి. కింద తూటాల డబ్బీ ఉంది. కొయ్య మీద పాత దెబ్బల గుర్తులు కనబడుతున్నాయి. ఒకప్పుడు యుద్ధంలో సైనికులు మోసిన తుపాకి అనీ, యుద్ధం అయిపోయాక అక్కడివాళ్ళు దాన్నే మార్చి వేటగాళ్ళకు ఇచ్చారనీ దణి చెప్పాడు. మీట ఒకసారి నొక్కితే ఒక తూటా పేలుతుంది, ఖాళీ తొడుగు దానంతట అదే ఎగిరిపోతుంది, రెండో తూటా దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. చేత్తో బోల్టు లాగే పని లేదు.

లోపల శుభ్రం చేసి ఇమ్మని దణి అడిగాడు. నేను సరేనని పట్టుకున్నాను. అది తెరుచుకోలేదు. ఇక్కడ నొక్కాను, అక్కడ లాగాను. బల్ల మీద ఉన్న పానాలన్నీ పట్టి చూశాను. చెమట నా ముక్కు మీది నుంచి రైఫిలు మీద పడింది. దణి బీడీ ముట్టించుకుని నా చేతులనే చూస్తున్నాడు. అంతకుముందు ఎవరి ఎదుటా నా చేతులు అట్లా తడబడలేదు.

దణి లారీ డ్రైవరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. దేశనూరు మనిషి, నలభై దాటినవాడు, తక్కువ మాట్లాడేవాడు. అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"ఒక్కసారి నేను చూస్తానప్పా, కోపం చేసుకోవద్దు" అన్నాడు.

వెనక ఉన్న చిన్న మీటను పక్కకు తిప్పి, పై రేకును ముందుకు తోసి ఎత్తాడు. స్ప్రింగు బయటికి వచ్చింది. బోల్టు దాని వెనకే వచ్చింది. రెండు నిమిషాల్లో రైఫిలు ముక్కలు ముక్కలుగా నా బల్ల మీద వరసగా ఉంది. పెద్ద యుద్ధంలో అతను సైన్యం లారీలు తోలాడట. ఇరాన్ దేశం కొండల్లో రష్యావాళ్ళకు సామాన్లు చేరవేసే పని. అక్కడ ఒక రష్యా సిపాయి పొద్దుపోక ఇట్లాంటి తుపాకినే ఇతని ముందర విప్పి, బిగించి, ఇతని చేత కూడా చేయించాడట. ఇనుము మీద చెక్కిన అక్షరాలు నాకు గీతల్లాగా కనబడ్డాయి. అతను వాటిలో రెండు మూడు చదివి చూపించాడు.

దణి నవ్వాడు. "చూడప్పా, ఇన్నాళ్ళూ లారీ తోలిస్తాండా ఈ మనిషితో" అని నాతోనే అన్నాడు.

అందులో నన్ను తక్కువ చేసే మాట ఒక్కటీ లేదు. అయినా ఆ సాయంత్రం అన్నం సయించలేదు. ఆ డ్రైవరు ముఖంలో గర్వం ఉందేమోనని పదేపదే గుర్తు తెచ్చుకున్నాను. గర్వం కూడా లేదు. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ తర్వాత రైఫిలు పేరు చుట్టుపక్కలంతా పాకింది. అది ఒక గుక్కలో అయిదు పందులను పడగొట్టిందని ఎవరో చెప్పేవాళ్ళు. ఎక్కడైనా వేట అంటే ముందు దణి జీపు వచ్చిందా అని అడిగేవాళ్ళు. జీపు దణే తోలేవాడు, ఆయన పక్కన ఒడిలో రైఫిలు పెట్టుకుని డ్రైవరు కూర్చునేవాడు. నన్ను కూడా పిలిచేవాళ్ళు, మర్యాదకు లోటు లేదు. కానీ నా తుపాకి ఎక్కడ నిలబడాలో ఇప్పుడు అతను చెప్పేవాడు. పంది ఎటు పారుతుందో ఆలోచించి, నన్ను ఒక మూలకు పంపేవాడు. అతను చెప్పిందే సరిగా ఉండేది. అదీ నాకు కంటగింపే. మా అంగడికి వచ్చే రైతులు బర్మారు రిపేరీకి ఇచ్చి, "డ్రైవరప్పకు చూపిస్తే బాగుండునేమో" అని నా ముందే అనుకునేవాళ్ళు. రష్యా తుపాకి విప్పినవాడు బర్మారు కూడా బాగుచేస్తాడని వాళ్ళ లెక్క.

నేను అతని గురించి చెడ్డగా ఎవరితోనూ చెప్పలేదు. మెచ్చుకున్నాను కూడా. మెచ్చుకుంటూ చివర ఏదో ఒక మాట తగిలించేవాణ్ణి. సిపాయిలకు నేర్పించింది మాత్రమే వస్తుంది, తయారు చేయడం రాదు అనేవాణ్ణి. నా భార్య ఒకరోజు ఇది విని, గిరాకీ పోయాక చెప్పింది.

"నువ్వు ఆయప్పను చూసి కుళ్ళుకుంటాండావు. నీకు తెలుస్తాండాదో లేదో, వచ్చినోళ్ళకు తెలుస్తాండాది."

నేను ఆమె మీద కేకలు వేశాను. ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు రైఫిలు కొయ్య, చేయి పట్టుకునే చోట చీలింది. కొయ్య పని డ్రైవరుకు రాదు. అందుకని మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. పది రోజులు కావాలని చెప్పాను. మూడు రోజుల పని. మిగతా వారం రోజులూ అంగడి తలుపు దగ్గరికి వేసుకుని దాన్ని విప్పాను, బిగించాను, మళ్ళీ విప్పాను. తూటా పేలినప్పుడు గొట్టంలోని పొగ కొంచెం ఒక సన్నని రంధ్రంలోంచి పైకి వస్తుంది. ఆ పొగ ఒక కడ్డీని వెనక్కి కొడుతుంది. ఆ కడ్డీ బోల్టును నెడుతుంది. ఇంత తెలిశాక నేను బల్ల ముందు చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. వృథాగా పోయే పొగతో పని చేయించాలని ఏ దేశంలోనో ఒక మనిషికి తోచింది. ఇరవై ఏళ్ళుగా తుపాకులతో బతుకుతున్న నాకు ఒక్కరోజు కూడా తోచలేదు. ఆ ముఖం తెలియని మనిషి మీద కూడా నాకు అసూయ కలిగింది.

గొట్టం ముందు భాగంలో, ఆ రంధ్రం దగ్గర, అయిదు పలకల చిన్న మర ఉంది. ఒక్కో పలక మీద ఒక్కో అంకె. చిన్న అంకె మీద పెడితే పొగ తక్కువ వస్తుంది, పెద్ద అంకె మీద పెడితే ఎక్కువ వస్తుంది. అది అన్నిటికంటే చిన్న అంకె మీద ఉంది. రష్యా ఇంజనీరే అట్లా పెట్టి ఉంటాడు, డ్రైవరు దాన్ని ముట్టుకున్న గుర్తులేవీ లేవు. అది మంచి ఆలోచనే. రష్యా ఇంజనీరు ఇచ్చిన తూటాలు బలమైనవి. పొగ ఎక్కువైతే బోల్టు గట్టిగా కొట్టుకుని కొయ్య ఇంకా చీలుతుంది. ఆ మరకు సరిపోయే పానా లేకపోతే నేనే ఆకురాయితో ఒకటి అరగదీసి చేసుకున్నాను. దాన్ని సొరుగులో దాచాను. అతనికి తెలియనిది ఒకటి నాకు తెలుసు అనుకోవడంలో ఎంత సుఖం ఉందో చెప్పలేను.

కొయ్య అతికించి ఇచ్చాక, గురి చూసుకోవడానికి సిరిగేరి దగ్గర రోడ్లకు గరుసు తవ్విన గుంతకు రమ్మని దణి కబురు చేశాడు. అప్పటికి ఇంజనీరు ఇచ్చిన తూటాలు అయిపోయాయి. దణి ఎవరి ద్వారానో ఇంకొక పెట్టె తెప్పించాడు. అవి పాతవి, తొడుగుల మీద నల్ల మచ్చలు. దణి నాలుగు పేల్చాడు. గురి బాగానే ఉంది. నేను గురి చూడలేదు, ఖాళీ తొడుగులను చూశాను. అంతకుముందు అవి రెండు బారల దూరం ఎగిరిపోయేవి. ఇప్పుడు దణి చెప్పుల పక్కనే పడుతున్నాయి. నాలుగోది బయటికి రావాలా వద్దా అన్నట్టు అంచు మీద ఆగి పడింది.

మందులో బలం తగ్గింది, మర పెద్ద అంకెకు తిప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే దణి రైఫిలును డ్రైవరు చేతికి ఇస్తూ అన్నాడు:

"దీని సంగతి నీకు తప్ప ఈ జిల్లాలో ఎవురికీ తెలీదప్పా."

నేను నోరు మూసుకున్నాను. తెలిసినవాడు చూసుకోనీ అనుకున్నాను. ఎప్పుడో ఒకరోజు అందరి ముందూ అది మొరాయిస్తుంది, అప్పుడు నన్ను పిలుస్తారు, నేను సొరుగులో ఉన్న పానా తీసుకుపోయి ఒక్క తిప్పు తిప్పి ఇస్తాను. ఇంటికి తిరిగివచ్చే బస్సులో ఆ దృశ్యాన్ని నాలుగైదు సార్లు ఊహించుకున్నాను. ఊహలో డ్రైవరు తల దించుకుని నిలబడి ఉండేవాడు. పంది మాత్రం ఆ ఊహలో లేదు.

వారం తిరక్కుండానే ఎమ్మిగనూరులో దణి బంధువుల చెరుకు కొడుతున్నారని పిలుపు వచ్చింది. చెరుకు చుట్టూ నుంచి కొట్టుకుంటూ వస్తే లోపలున్న పందులు నడుమకు నడుమకు జరుగుతాయి. చివరికి ఒక చిన్న మడి అంత చెరుకు మిగులుతుంది. అప్పుడు ఒక్కసారిగా బయటికి పారతాయి. తుపాకుల వాళ్ళు అక్కడ కాచుకుని ఉంటారు. పొద్దున పది గంటల వేళ. ఎండ ఇంకా ముదరలేదు. డ్రైవరు నన్ను తూర్పు మూలలో నిలబెట్టాడు. దణి కాలువ గట్టు వైపు నిలబడ్డాడు. ఆయన పక్కన డ్రైవరు, చేతిలో వెదురు కర్రతో.

కూలీలు డబ్బాలు వాయించారు. ముందు రెండు చిన్న పందులు పారిపోయాయి. ఎవరూ కొట్టలేదు. తర్వాత ఒంటరి మగపంది వచ్చింది. కోరలు దూరానికి కూడా కనబడుతున్నాయి. అది నేరుగా గట్టు వైపు తిరిగింది. దణి పేల్చాడు. దెబ్బ భుజానికి తగిలింది, పంది మోకాళ్ళ మీద పడి లేచింది. దణి మళ్ళీ మీట నొక్కాడు. చప్పుడు రాలేదు. ఖాళీ తొడుగు బోల్టు నోట్లో ఇరుక్కుని పైకి నిలబడి ఉంది. ఎండలో అది తళుక్కుమనడం నేనున్న చోటికి కనిపించింది. చూడగానే నాకు అర్థమయింది. అక్కడున్న వాళ్ళలో నాకొక్కడికే అర్థమయింది.

దణి రైఫిలును అటూ ఇటూ గుంజుతున్నాడు. డ్రైవరు ఆయనను పక్కకు తోసి, కర్ర అడ్డం పెట్టి ముందుకు వచ్చాడు. కర్ర విరిగింది. పంది అతని ఎడమ తొడలో కోర దించి పైకి ఎత్తింది. నేను పరుగెత్తుకుంటూ పోయి దగ్గర నుంచి రెండు గొట్టాలూ పేల్చాను. పంది అతని కాళ్ళ మీదే పడింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. అతన్ని తలగుడ్డలతో కట్టి జీపులో వేస్తున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నా భుజం తట్టారు. ఆ రష్యాది పనికి రాలేదు, మేస్త్రి పాత తుపాకే దణిని కాపాడింది అన్నారు. దణి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. ఎన్నాళ్ళుగానో ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టినట్టు కలిగింది. జీపు కదిలి, దుమ్ములో అతని పాదం ఒకటి బయటికి వేలాడుతూ కనబడిన తర్వాత గాని అది పోలేదు.

ఇంటికి వచ్చి నా భార్యకు అంతా చెప్పాను. మర సంగతి, గరుసు గుంతలో నోరు మూసుకున్న సంగతి. ఆమె బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగిపోయింది. చేట పక్కన పెట్టి అంది:

"నాకెందుకు చెప్తాండావు? ఇది ఆయప్పకు చెప్పాల్సిన మాట."

పన్నెండు రోజులు అతన్ని చూడడానికి పోలేదు. కాలు తీసేయాలంటున్నారని ఒకరు, అవసరం లేదంటున్నారని ఒకరు చెబుతుంటే విన్నాను. పదమూడో రోజు ఆసుపత్రికి పోయాను. అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాలు ఉంది గాని, మోకాలు ఇక వంగదని డాక్టరు చెప్పాడట. నన్ను చూసి ముఖం వెలిగింది. "నువ్వు లేకుంటే చచ్చిపోయుందును మేస్త్రీ" అన్నాడు. అతని భార్య లేచి నాకు స్టూలు వేసి, ఫ్లాస్కు తీసుకుని కాఫీ తేవడానికి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేలోపల చెప్పేయాలని చెప్పాను. ఏ అంకె మీద ఉండాల్సిందో, నాకు ఎప్పుడు తెలిసిందో, ఎందుకు చెప్పలేదో. చివరిది చెప్పడం అన్నిటికంటే కష్టమయింది. నిన్ను చూస్తే నాకు ఓర్వలేనితనం అన్నాను.

అతను కిటికీ వైపు చూశాడు. బయట ఎవరో బండికి నీళ్ళు పోసి కడుగుతున్నారు.

"నువ్వు చెప్పింటే నేను వినింటానా?" అన్నాడు. "బర్మారుల మేస్త్రికి నా తుపాకి గురించి ఏం తెలుసులే అనుకుందును. ఆ మర నేనూ చూసినా. దాని పని నాకు తెలీదని దణి ముందర ఒప్పుకోలేకపోయినా. పోయి నిన్ను అడుగుదామనుకున్నా రెండుసార్లు. అడగలేదు."

అది నిజమో, నన్ను ఊరడించడానికి అన్నాడో నాకు ఈ రోజుకూ తెలియదు. కాఫీ వచ్చింది, తాగాను. మెట్లు దిగుతుంటే మనసు తేలికపడుతుందనుకున్నాను. మోకాలు పోగొట్టుకుని కూడా అట్లా మాట్లాడగలిగిన మనిషిని చూసి మళ్ళీ అసూయే కలిగింది. నేనయితే అట్లా అనగలిగేవాణ్ణి కాను.

దణికి కూడా నేనే పోయి చెప్పాను. ఆయన అరవలేదు. "ఇంక నా ఇంటి తుపాకి నీ అంగడికి రాదు" అని ఒక్క మాట అని లోపలికి పోయాడు. రాలేదు. ఆయన్ని చూసి ఇంకా నలుగురు మానేశారు. నేను తాళాలు, ఇనప్పెట్టెలు బాగుచేసే పని కూడా మొదలుపెట్టాను. రైఫిలు లైసెన్సు మళ్ళీ రాయించుకునే వేళకు, ఆ తూటా కొలత సైన్యానిది, మామూలు మనుషుల దగ్గర ఉండకూడదని ఆఫీసులో అభ్యంతరం చెప్పారు. దణి దాన్ని ప్రభుత్వానికి అప్పగించాడు. తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు.

రెండేళ్ళకు ఒక మధ్యాహ్నం డ్రైవరు కర్ర ఊనుకుంటూ నా అంగడికి వచ్చాడు. దణి లారీల షెడ్డులో గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చాడట. కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతోందన్నాడు. సిరిగేరి దగ్గర క్యాంపులో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక రైతు దగ్గర ట్రాక్టరు ఉంది. తోలేవాడు కావాలి. ఎడమ కాలితో క్లచ్చి తొక్కడం ఇతనికి కుదరదు.

"చేత్తో తొక్కేట్టు ఏమైనా చేస్తావా మేస్త్రీ? పొగతో బోల్టు నడిపేదాన్ని అర్థం చేసుకున్నోడివి" అన్నాడు.

నేను క్యాంపుకు పోయి కొలతలు తీసుకున్నాను. క్లచ్చికి ఒక కడ్డీ, కడ్డీకి ఒక కీలు, ఎడమ చేతికి అందేట్టు ఒక పిడి. మొదటిది బరువుగా పట్టింది. రెండోదానికి పిడి పొడుగు పెంచాను. మూడోసారికి సరిపోయింది. అతను ఎక్కి కూర్చుని పిడి ముందుకు తోసి, గేరు వేసి, మెల్లగా వదిలాడు. ట్రాక్టరు కుదుపు లేకుండా కదిలింది. నీళ్ళు పెట్టిన మడిలోకి దిగి, చివరిదాకా పోయి, తిరిగి వచ్చింది. గట్టు మీద ఉన్న క్యాంపువాళ్ళంతా చూస్తున్నారు.

"భలే తోలుతున్నాడండీ. ఒంటికాలితో ఎట్లా తోలుతున్నాడో చూడండి" అన్నాడు ఆ రైతు నాతో.

పిడి ఎవరు చేశారో ఆయనకు తెలుసు. నేను పక్కనే ఉన్నాను. దాని గురించి ఒక మాట అంటాడేమోనని కొంచెంసేపు నిలబడ్డాను. ఆయన మడి వైపే చూస్తున్నాడు. నేను నా పానాలు సంచిలో సర్దుకుని, బస్సుకు వేళ అవుతోందని గట్టు వెంబడి నడిచాను. వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు చాలా దూరం వినిపించింది. గేరు మారినప్పుడల్లా పిడి సాఫీగా పడుతోందా లేదా అని వింటూ పోయాను.